అక్క వేలికి తగిన బ్రౌజర్

ముందే చెప్పేస్తున్నాను: నాకు పెంచి చెప్పే అలవాటుంది. మా వంటింట్లో బొద్దింక కనబడితే, నేను హాల్లోకి వచ్చి చెప్పేసరికి అది చిన్న సైజు తాబేలవుతుంది. ఉప్పల్ రింగురోడ్డు సిగ్నల్ దగ్గర ఆగానని చెబితే, పచ్చ లైటు పడేలోగా నా మీసం నెరిసిందని కూడా చెబుతాను. మా ఆవిడ దీనికో లెక్క పెట్టుకుంది. నేను చెప్పినదాన్ని మామూలు రోజుల్లో మూడుతో, చుట్టాల ముందు చెబితే ఐదుతో భాగిస్తుంది. మీరూ అలాగే చేయండి. ఏది నిజంగా కల్పించానో చివర్లో నేనే చెబుతాను గనుక, మధ్యలో ఆగి అనుమానపడుతూ కూర్చోకండి.

మా అక్క ఉప్పల్లో ఉంటుంది, నేను నాచారంలో. షేర్ ఆటోవాడు పెట్టే పాటలు రెండు పూర్తయ్యేలోపు చేరిపోయే దూరం. మా బావ ఒక ప్రభుత్వ పరిశోధనశాలలో పనిచేసి రిటైరయ్యాడు. రబ్బరు ముక్కల్ని, ప్లాస్టిక్ ముక్కల్ని లాగి, కాల్చి, నానబెట్టి, అవి ఎంతకాలం బతుకుతాయో తేల్చడం ఆయన ఉద్యోగం. రిటైరైన తరువాత కూడా ఆ బుద్ధి పోలేదు. పెళ్ళికి పోదామని కొత్త చెప్పులు కొన్నా ఒకదాన్ని ఎండలో, ఒకదాన్ని నీడలో పెట్టి చూసి గానీ తొడుక్కోడు. ఆలోగా పెళ్ళివాళ్ళు భోజనాలు ముగించి ఆకులు కూడా తీసేస్తారు.

అక్కకు సీరియళ్ళ పిచ్చి. టీవీవి కాదు, చదివేవి. వారపత్రిక గేటు దగ్గర పడితే పొయ్యి మీద పాలు తమ దారి తాము చూసుకోవాల్సిందే. చదివేటప్పుడు ఆమె కుడిచేతి చూపుడువేలు లైను కింద నడుస్తుంటుంది. బడిలో మొదలైన అలవాటది. మిగతా పిల్లలందరూ పై తరగతికి పోయేసరికి మానేశారు, అక్క మానలేదు. వేలు కదలకపోతే తనకు కథ కదలదంటుంది.

కిందటేడు అక్క చూపులో ఒక మసక మచ్చ వచ్చింది. కంటి డాక్టరు చూసి భయం లేదన్నాడు గానీ, అది సరిగ్గా చూసే చోటే, నడిమధ్యన కూర్చుంది. అచ్చులో ఉన్న చిన్న అక్షరాలు ఇక కుదరవు, పెద్దవి చేసుకుని చదువుకోవాలన్నాడు. అప్పటికే ఆ వారపత్రిక కాగితం మానేసి ఇంటర్నెట్‌లోకి పోయింది. ఫోన్లో అక్షరాలు ఎంతైనా పెంచుకోవచ్చు కదా అని అందరం సంబరపడ్డాం.

పెంచుకోవచ్చు నిజమే. ఫోన్‌తో పాటు వచ్చిన బ్రౌజర్లో ఆ పేజీ తెరిచి, రెండు వేళ్ళతో సాగదీస్తే, ఒక్కో అక్షరం వడియమంత అయ్యేది. లైను మాత్రం ఫోన్లో పట్టక రామంతాపూర్ దాకా పోయేది. దాన్ని వేలితో ఇటు లాక్కుని, చివర చదివి, మళ్ళీ రెండో లైను మొదలు దగ్గరికి వెనక్కి తోసేసరికి, మొదటి లైనులో ఎవరు ఎందుకు ఏడ్చారో అక్క మర్చిపోయేది. పైగా ప్రకటనలు. కింద నుంచి ఒకటి లేచేది, పక్క నుంచి ఒకటి జారేది, పేరాకి పేరాకి మధ్యలో ఒకటి కాళ్ళు చాపుకుని కూర్చునేది.

దాంతో బావ చదివి వినిపించడం మొదలైంది. కొన్ని వారాలు గడిచాక అక్క నాకు ఫోన్ చేసింది.

"తమ్మీ, ఈ మనిషి సదువుడు నాతోని కాదు. మొగులు పట్టి సల్లగాలి వస్తున్నదని ఎంత మంచిగ రాసిన్రో, ఈయన 'వాతావరణం' అని ఒక్క మాటల కొట్టేసిండు."

వెనక నుంచి బావ గొంతు: "సారాంశం చెప్తున్న. టైము మిగులుతది."

"మిగిలిన టైముతోని ఏం జేసుకోవాల్నట? తోడికోడళ్ళు ఇద్దరు ఎదురుపడ్డరంట. ముఖాలు ఎట్ల పెట్టిన్రు అని అడిగితే, అది ముఖ్యం కాదంటడు. తోడికోడళ్ళ కథల ముఖాలు ముఖ్యం కాకుంటే ఇంకేం ముఖ్యంరా?"

ఆ సీరియల్ సంగతి చెప్పాలి. ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరు తోడికోడళ్ళు ఏళ్ళ తరబడి మాట్లాడుకోరు. చివరికి మాట్లాడుకుంటారా లేదా అన్నదే కథ. ఏడాదిగా నడుస్తోంది. వచ్చే శుక్రవారం ఆఖరి భాగం. అక్క కోరిక ఒక్కటే: ఆ ఆఖరి భాగం తన కళ్ళతో తను చదువుకోవాలి. బావ సారాంశం వద్దు. పై వాటాలో ఉండే కోనసీమ ఆవిడ నోటి మీదుగా అసలే వద్దు. ఆవిడ ఏ భాగమైనా అందరికంటే ముందు చదివేసి, బట్టలు ఆరేసే వంకన పిట్టగోడ మీంచి వంగి, "అక్కయ్యగారూ, మీరింకా చూళ్ళేదా, అయ్యో, అయితే నేను చెప్పనండీ" అంటూనే మొత్తం చెప్పేసే రకం.

"నువ్వు కంప్యూటర్ ముంగట కూసుంటవ్ గద, ఏదన్న జెయ్యి," అంది అక్క.

నేను నాచారం పారిశ్రామికవాడలో మోటారు పంపుల కంపెనీలో బిల్లులు వేస్తాను. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళందరికీ కంప్యూటర్ తెలుసని మా చుట్టాల నమ్మకం. నేనా నమ్మకాన్ని ఏనాడూ వమ్ము చేయలేదు, అంటే తెలియదని ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి అన్నం తింటూ వెతికితే తెలిసింది: బ్రౌజర్ అంటే సూర్యుడిలా ఒక్కడే అనుకుంటున్నాను గానీ, అదొక జాతర. చెరకు రసం బళ్ళలా వరసగా నిలబడి, నాది తాగు నాది తాగు అంటున్నాయి. ఒకటి వేగం అంటుంది, ఒకటి రహస్యం అంటుంది, ఒకటి బ్యాటరీ తినను అంటుంది. నాలుగింటిని ఏరుకుని ఆదివారం పొద్దున ఉప్పల్ పోయాను.

బావ అప్పటికే డైనింగ్ టేబుల్ ఖాళీ చేసి, తుడిచి, దాని మీద తెల్ల బట్ట పరిచి ఉన్నాడు. మెడలో స్టాప్‌వాచ్.

"ఏంది బావా, ఆపరేషన్ జేస్తున్నమా?"

"నువ్వు తెచ్చినవి నాలుగు. నాలుగిట్ల ఏది మంచిదో నీకెట్ల తెలుసు? రాసినోళ్ళు రాసుకుంటరు. మనం పరీక్ష జెయ్యాలె."

పరీక్ష అంటే మామూలు పరీక్ష కాదు. ఒక బ్రౌజర్‌కీ ఇంకో బ్రౌజర్‌కీ మధ్య ఫోన్ వేడి తగ్గాలని దాన్ని స్టీలు పళ్ళెంలో పడుకోబెట్టి విశ్రాంతి ఇచ్చాడు. ఫ్యాను గాలి ఒక పరీక్షలో తగిలి ఇంకో పరీక్షలో తగలకపోతే అన్యాయమని ఫ్యాను కట్టేశాడు. మా ఇద్దరికీ పట్టిన చెమటతో ఆ వీధి మొక్కలకి నీళ్ళు పోయొచ్చు. అన్ని బ్రౌజర్లలోనూ తెరిచింది ఒకే పేజీ: ఇంగ్లీషులో ఉన్న రైళ్ళ టైం టేబుల్.

"బావా, అక్క సదివేది తెలుగు సీరియల్ గదా?"

"సీరియల్ పేజీ వారం వారం మారుతది. మారేదాన్ని పట్టుకొని కొలతలెట్ల తీస్తవ్? నమూనా ఒక్క తీరుగ ఉండాలె."

అది విని నాకు కూడా సబబే అనిపించింది. అక్కను పిలిచి, ఫోన్ చేతికిచ్చి, ఒక్క నిమిషం చదవమని అడుగుదామన్న ఆలోచన ఆ గదిలో ఉన్న ఇద్దరు చదువుకున్న మగవాళ్ళలో ఎవరికీ రాలేదు. అక్క వంటింట్లోంచి మమ్మల్ని చూసి, "పెళ్ళిసూపులకు పిల్లను దప్ప అందరిని పిలిచినట్టున్నది," అని లోపలికి పోయింది.

మా మాటలు వంటింట్లోంచి వింటూ నాలుగింటికీ అక్కే పేర్లు పెట్టింది. మొదటిది ఉరుకుడుది. వేలు ఇంకా తగలకముందే పేజీ తెరుచుకునేది. రెండోది మతిమరుపుది. మనం ఏం చూశామో ఎవరికీ చెప్పదు, ఆ మాటకొస్తే మనకీ చెప్పదు. మూసి తెరిస్తే అప్పుడే పుట్టిన పిల్లాడిలా చూస్తుంది. "ఎక్కడ ఆపినమో గూడ యాదికుండదా? గిది మీ బావ లెక్కనే ఉన్నది," అంది అక్క. మూడోది ముచ్చట్లది. తెరవగానే సినిమావాళ్ళ విడాకులు, రాశిఫలాలు, బెండకాయ నీళ్ళ మహిమ చెప్పందే అడుగు ముందుకు వేయనివ్వదు. అందులో బావ తన రాశి చూసుకుని, అది పరీక్షలో భాగం కాదని స్టాప్‌వాచ్ ఆపేశాడు. నాలుగోది మూగది. నెమ్మదిగా తెరుచుకునేది, ఏ హంగూ లేదు. పైన ఒక మూల చిన్న కాగితం గుర్తు, అది నొక్కితే పేజీలో ఉన్న బొమ్మలూ ప్రకటనలూ అన్నీ పోయి ఉత్త అక్షరాలే మిగిలేవి. బావ దానికి ఆఖరి స్థానం ఇచ్చాడు. ఒకటి ఆలస్యం, రెండు ఒక నొక్కుడు ఎక్కువ.

మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. ఉరుకుడుది గెలిచింది. బావ ఫోన్‌ని పళ్ళెంతో సహా తీసుకెళ్ళి అక్క ముందు పెట్టాడు.

అక్క చేయి తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. పాత భాగం ఒకటి తెరిచింది. అక్షరాలు పెద్దవిగా, లైనులు ఫోన్ లోపలే బుద్ధిగా ఉన్నాయి. ఆమె ముఖంలో వెలుగు చూసి నేను చొక్కా కాలరు సర్దుకున్నాను. అక్క చూపుడువేలు లైను కింద పెట్టింది.

పేజీ మాయమైంది. దాని స్థానంలో ఒక ఈతకొలను, నాలుగు కొబ్బరిచెట్లు, నవ్వుతున్న ఒక కుటుంబం.

"గిదెవరు? కథల వీళ్ళు లేరు గదా."

"ఘట్‌కేసర్ల ఫ్లాట్లు అక్కా. ప్రకటన మీద వేలు పడ్డది."

వెనక్కి వచ్చాం. మళ్ళీ వేలు పెట్టింది. ఈసారి ఒక మాట నీలంగా మారి, దాని నెత్తిన కాపీ, షేర్ అంటూ ఒక పట్టీ మొలిచింది. అక్క దాన్ని తుడిచెయ్యాలని రుద్దింది. వాక్యమంతా నీలమైంది. ఇంకా రుద్దింది. ఏదో ఎగిరిపోయిన చప్పుడు.

చూస్తే, చుట్టాలందరూ ఉన్న మా గ్రూపులో, అక్క పేరు మీద, ఒక్క వాక్యం పడి ఉంది: ఇక ఈ ఇంట్లో నేను ఒక్క క్షణం కూడా ఉండలేను.

ముందుగా వరంగల్ నుంచి మా మేనత్త ఫోన్ చేసింది, నేరుగా బావకే. "ఏమైందయ్యా? ఈ వయసుల ఏం పాడు బుద్ధి నీకు?" బావ చెమట తుడుచుకుంటూ, "అత్తా, అది సీరియల్ల మాట," అంటే, "సీరియల్ లెక్కనే జేసినవన్నమాట పిల్లను," అంది ఆవిడ. తరువాత మేడిపల్లి నుంచి ఒకరు, ఘట్‌కేసర్ నుంచి ఇంకొకరు. బ్రౌజర్ గురించి వివరించి చెప్పినకొద్దీ బావ ఏదో దాస్తున్నాడన్న అనుమానం అందరికీ గట్టిపడింది. ఆ సాయంత్రానికి ఆయన్ని మందలించని చుట్టం తెలంగాణలో మిగల్లేదు.

అంతా సద్దుమణిగాక బావ పరీక్షల మనిషిగా మళ్ళీ లేచి కూర్చున్నాడు. "తప్పు బ్రౌజర్‌ది కాదు. వేలుది. వేలు తియ్యి."

"వేలు తీస్తే లైను పోతది. మచ్చల పడి ఏ లైను ఏదో తెలుస్తలేదు."

"మరి ఫోన్‌కు వేలంటే నొక్కినట్టే లెక్క."

"అయితే నా వేలు నేను నరుక్కోవాల్నా? ఏడాది సంది వారం వారం ఎదురుసూసిన. ఆఖరుకు వచ్చినంక నీ నోట్లకెళ్లి సారాంశం ఇనాల్నా?"

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. ఫోన్ పళ్ళెంలో పెట్టేసి, కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది. నేనూ బావా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అప్పటిదాకా మేం ఆడుకుంటున్నామని మాకప్పుడు తెలిసింది.

బావ లోపలికి పోయి బీరువాలో దేనికోసమో కెలికాడు. పాత తెల్ల నూలు గ్లవ్ ఒకటి తెచ్చాడు, పరిశోధనశాల రోజులది. "ఇది తొడుక్కో. నూలు లోపలున్న వేలు ఫోన్‌కు తెల్వది." తొడుక్కుంది. నిజంగానే ఫోన్ కదల్లేదు, పేజీ ఎగరలేదు. కానీ గ్లవ్ తొడిగిన వేలు అరటిపండంత ఉంది. అది చదవాల్సిన లైనుని, తరువాతి లైనుని, ఆ తరువాతి పేరాలో సగాన్ని కప్పేసింది.

"సన్నంగ ఉండాలె," అంది అక్క. "వేలు లెక్కనే, కాని సన్నంగ."

నేను పెన్సిల్ అన్నాను. బావ గాజుకడ్డీ అన్నాడు, అది ఆ ఇంట్లో ఎందుకుందో నేనడగలేదు. మేమిద్దరం కడ్డీ మందం గురించి వాదించుకుంటుండగా అక్క వాకిట్లోకి పోయి కొబ్బరి చీపురు లోంచి ఒక ఈనెపుల్ల లాగి, విరిచి, కడిగి తెచ్చుకుంది. లైను కింద పెట్టింది. పుల్ల అనే వస్తువు లోకంలో ఉన్నట్టే ఫోన్‌కి తెలియలేదు. అక్క పుల్ల నడిపింది, కథ నడిచింది.

ఒక్క చిక్కు మిగిలింది. పేజీని పైకి జరపాలంటే పుల్ల పనికిరాదు, ఎడమచేతి బొటనవేలు వాడాలి. ఆ వేలు కింద ప్రకటనలు కాచుకుని ఉన్నాయి. రెండుసార్లు ఘట్‌కేసర్ పోయి వచ్చాక, అక్క తలెత్తకుండానే అంది:

"ఆ మూగదాన్ని తెరువు."

"అది ఆఖర్న వచ్చింది," అన్నాడు బావ నొచ్చుకుంటూ. "దానికి టైము పడతది."

"పట్టనియ్యి. నాకేమన్న రైలున్నదా?"

మూగది తన తీరులో తాను, మెట్లెక్కే గర్భిణిలా, నెమ్మదిగా తెరుచుకుంది. మూలనున్న కాగితం గుర్తు నొక్కాం. ఈతకొలను పోయింది, కొబ్బరిచెట్లు పోయాయి, అక్షరాలు మాత్రం మిగిలాయి. అక్షరాలు పెంచాం, లైనుల మధ్య చోటు పెంచాం, లైటు తగ్గించాం. బొటనవేలు ఎక్కడ పడినా పేజీ జరిగిందే తప్ప ఎగరలేదు. అక్క ఒక పేరా చదివింది. రెండోది చదివింది. మూడో పేరా మధ్యలో తనలో తానే, "అట్లనా?" అంది. అది మాతో కాదు, కథలో ఎవరితోనో.

ఈలోగా ఘట్‌కేసర్ ఫ్లాట్లవాళ్ళు ఊరుకోలేదు. అక్క వేలు వాళ్ళ పేజీలో ఎక్కడెక్కడ నొక్కిందో గానీ, ఆ ఫోన్లో అన్నిటికీ ఇచ్చింది బావ నంబరే కావడంతో ఆయనకు ఫోన్లు మొదలయ్యాయి. సార్, ఫ్లాటు ఎప్పుడు చూస్తారు, మేడమ్‌కి నచ్చిందట కదా అని. బుధవారం ఏకంగా గేటు ముందు తెల్ల కారు ఆగింది. పూలదండ కట్టిన కారు. డ్రైవరు తలుపు తీసి పట్టుకుని, "రండి సార్, సైటు సూసి, భోజనం జేసి వద్దురు," అన్నాడు. భోజనంలో ఏముందో అడిగి తెలుసుకున్నాక బావ వద్దన్నాడు.

శుక్రవారం వచ్చింది. నేను ఆఫీసులో ఒక పూట సెలవు పెట్టాను. కారణం దగ్గర కుటుంబ వ్యవహారం అని రాశాను, అబద్ధం కాదు. నేను పోయేసరికి అక్క వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒళ్ళో దిండు, దిండు మీద ఫోన్, చేతిలో పుల్ల. బావను లోపలి గదిలో కూర్చోబెట్టింది. నన్ను గేటు దగ్గర వెదురు మోడా మీద కూర్చోమంది. ఎవరూ నోరు తెరవకూడదు.

అక్క పది లైనులు కూడా చదివి ఉండదు, పైనుంచి పట్టీల చప్పుడు వినబడింది. కోనసీమ ఆవిడ బకెట్ నిండా తడి బట్టలతో మెట్లు దిగుతోంది. ముఖం చూస్తేనే తెలుస్తోంది, పొద్దున్నే చదివేసింది.

"అక్కయ్యగారూ! చదివేశారా? అబ్బ, ఆ పెద్దావిడ వంటింట్లోకి వచ్చి..."

అక్క పుల్ల పైకెత్తింది. ట్రాఫిక్ పోలీసు లాఠీ ఎత్తితే ఉప్పల్ రోడ్డు మీద లారీలు కూడా ఆగవు గానీ, ఆ పుల్లకు ఆవిడ మూడో మెట్టు మీద ఆగిపోయింది.

"చెల్లె, నీకు దండం బెడత. ఇయ్యాల్టిది ఒక్కటి నన్ను సదువుకోనియ్యి."

ఆవిడ అక్క చేతిలో పుల్లను, దిండు మీద వడియాలంత అక్షరాలను చూసింది. ఏమనుకుందో, బకెట్ మెట్టు మీద దించి, "అయ్యో, చదువుకోండి అక్కయ్యగారూ," అని చాలా మెల్లగా అంది. అని అక్కడే కూర్చుంది. కథ తెలిసీ చెప్పకుండా కూర్చోవడం ఆవిడకెంత కష్టమో ఆ మోకాళ్ళ కదలికలో తెలుస్తోంది.

అక్క చదివింది. ఎండ వరండా లోపలికి వచ్చి, కుర్చీ కాళ్ళ మీదుగా జరిగి, మళ్ళీ బయటికి పోయింది. పుల్ల ఒక లైను దాటేసరికి నాకు ఒక నిద్ర పట్టి మెలకువ వచ్చేది. మధ్యలో ఒకసారి పుల్ల ఆగింది. వెనక్కి పోయింది. అదే లైను కింద మళ్ళీ నడిచింది. ఇంకోసారి అక్క కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుంది. బకెట్లో బట్టలు అలాగే ఆరిపోయాయి.

చివరికి పుల్ల దిండు మీద పెట్టి, అక్క వీధి వైపు చూస్తూ కూర్చుంది. పై వాటా ఆవిడ వంగి, "బావుంది కదండీ?" అంది. అక్క తల ఊపింది.

లోపలి గది తలుపు కొంచెం తెరుచుకుంది.

"మాట్లాడుకున్నరా?" అని బావ అడిగాడు. పాపం, ఏడాది కథ నాకేం పట్టదన్నట్టు కొట్టేస్తూ చదివినా, ఆయనకూ పట్టిందన్నమాట.

అక్క పక్క కుర్చీ మీద మడతబెట్టిన బట్టలు తీసి కింద పెట్టింది. "వచ్చి ఇట్ల కూసో," అంది. పేజీని బొటనవేలితో మొదటికి జరిపి, పుల్ల తీసుకుని, ఈ భాగంలో కూడా మొదట్లోనే పట్టిన మొగులు దగ్గర నుంచి గొంతెత్తి చదవడం మొదలుపెట్టింది. పెద్ద కోడలికి ఒక గొంతు, చిన్న కోడలికి ఒక గొంతు. బావ ఒకచోట ఏదో అనబోయాడు. అక్క ఆగకుండా చదువుతూ పోతే ఊరుకున్నాడు. నేను గేటు చప్పుడు కాకుండా వేసి వచ్చేశాను.

ఇక మాట ప్రకారం. చుట్టాల గ్రూపు సంగతి కల్పితమని మీరనుకుంటారు. అది నిజం, మా మేనత్త ఇప్పటికీ బావతో సరిగ్గా మాట్లాడదు. గ్లవ్ నిజం, పుల్ల నిజం. స్టీలు పళ్ళెం నిజం. నేను కల్పించింది ఆ పూలదండ కారు. ఏ కారూ రాలేదు, భోజనమూ లేదు. ఫోన్లు మాత్రం వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. సాయంత్రం పూట వస్తే బావ కట్ చేయడు. స్లాబు మందం ఎంత, సిమెంటు పరీక్ష ఎక్కడ చేయించారు అని తాపీగా అడుగుతూ కూర్చుంటాడు. ఆ వేళకి అక్క కొత్త సీరియల్లో ఉంటుంది, ఇంట్లో ఆయనతో మాట్లాడే మనిషి ఉండదు.